తప్పు కాఫీది కాదు

"అమ్మ కాఫీ ఒలకబోసి లాప్‌టాప్ పాడుచేసింది." ఈ మాట మా బంధువర్గంలో ఇప్పటికి ఎంతమంది అన్నారో లెక్కలేదు. చెల్లెలు అంది. బావగారు నవ్వుతూ అన్నారు. హైదరాబాదులో ఎవరిదో నిశ్చితార్థంలో కూడా ఇదే ముచ్చటట. చివరికి మా అమ్మ కూడా అదే అంటోంది, "నా చేతులు విరగ, నేనే పాడుచేశాన్రా" అని.

ఈ మాట అబద్ధం. ఆ అబద్ధం తేల్చడానికే ఇదంతా రాస్తున్నాను. ముందు జరిగింది చెప్తాను. ఆ తర్వాత తిట్టాల్సిన వాళ్ళని వరసపెట్టి తిడతాను. ఆ వరసలో నేనూ ఉన్నాను, కంగారుపడకండి.

2018 డిసెంబర్లో సెలవలకి ఇండియా వెళ్ళినప్పుడు తణుకు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో మూడు రోజులున్నాను. అమ్మమ్మ అప్పటికే లేదు. ఆవిడ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ ఉంది. ఆవిడకి పాటలొచ్చు. సినిమా పాటలు కాదండీ. తిరగలి పాటలు, లాలి పాటలు, మంగళహారతులు, ఆడపిల్ల అప్పగింతలప్పుడు పాడేవి... పుస్తకాల్లో దొరకనివి, దొరికినా ఆవిడ వరసలో దొరకనివి. అమ్మ పక్కన కూర్చుని "అది పాడు పిన్నీ, ఇది పాడు పిన్నీ" అని అందిస్తుంటే, నేను మంచం మీద ఫోను పెట్టి రికార్డు చేశాను. మొత్తం 31 పాటలు. మధ్యమధ్యలో కోడికూతలు, పాలవాడి సైకిల్ బెల్లు, చిన్నమ్మమ్మ దగ్గు, అన్నీ పడ్డాయి. 2022లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మనిషి ఉంది, మాట పోయింది. ఇహ ఆ పాటలు ఆ గొంతులో ఉన్నది ఆ ఫైళ్ళలోనే.

ఆ ఫైళ్ళు ఎక్కడున్నాయి? ఫోన్లోంచి పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఫోను మార్చేటప్పుడు పాతది ఇచ్చేసి డిస్కౌంటు తీసుకున్నాను. 2021 చివర్లో కొత్త లాప్‌టాప్ కొన్నాను. అన్నీ అందులోకి మార్చి, పాతదాన్ని శుభ్రంగా తుడిచేసి ఎవరికో ఇచ్చేశాను. అంటే ప్రతిసారీ కాపీ చేసినట్టే అనిపించింది గానీ, నిజానికి ఇల్లు మారినట్టు ఫైళ్ళు మారాయంతే. ఏ రోజు చూసినా ఉన్నది ఒక్క చోటే.

2024 ఏప్రిల్లో అమ్మ ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చింది. ఇక్కడ పొద్దున్న అయిదింటికే లేచి ఏం చేస్తుంది పాపం? చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర నా లాప్‌టాప్‌లో వాళ్ళ పిన్ని పాటలు వినేది. ఆ ఫోల్డరు ఎలా తెరవాలో నేనే నేర్పాను. జూన్‌లో ఒక శనివారం, కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకుని వింటూ, హెడ్‌ఫోన్ వైరు సర్దుకోబోయింది. చేయి తగిలింది. పాలు, పంచదార వేసిన కాఫీ సగం గ్లాసు కీబోర్డు మీద పడింది. చీర చెంగుతో గబగబా తుడిచింది. తెర రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. నన్ను లేపడానికి భయమేసి పావుగంట అలాగే తుడుస్తూ కూర్చుందట. ఆ పావుగంట సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాగుండదు.

ఇహ చూడండి నా నిర్వాకం. నేను కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేశాను. పన్నెండేళ్ళుగా ఈ పని మీదే తింటున్నాను. లేచి వచ్చి నేను చేసిన మొట్టమొదటి పని, పవర్ బటన్ నొక్కడం. వెలగలేదు. ఛార్జర్ పెట్టి మళ్ళీ నొక్కాను. ఏదో ఫ్యాన్ తిరిగి ఆగింది. మూడోసారి నొక్కాను. తర్వాత మా ఆవిడ "బియ్యంలో పెడితే లాగేస్తుందట" అంది. కాస్ట్కో సోనా మసూరి బస్తా ఉండనే ఉంది. రెండు రోజులు అందులో కప్పెట్టాం. మూడో రోజు తీసి, దులిపి, దేవుడికి దణ్ణం పెట్టి ఆన్ చేశాను. వెలిగింది! లాగిన్ తెర కూడా వచ్చింది. పాస్‌వర్డ్ సగం కొట్టేలోగా టప్పున పోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు తీరుబడిగా ఆలోచిస్తే ఎవరు ఏం చేశారో స్పష్టంగానే ఉంది. కాఫీ ఆ యంత్రాన్ని గాయపరిచింది. చంపింది నేను.

ఎందుకో చెప్తాను, మీకూ పనికొస్తుంది. శుద్ధమైన నీటిలోంచి కరెంటు పెద్దగా పోదు. కాఫీలో, పాలల్లో, కుళాయి నీళ్ళలో ఉండే లవణాలే దారి ఇస్తాయి. అలాంటి తడి సర్క్యూట్ మీద ఉండగా కరెంటు పారితే రెండు పనులు జరుగుతాయి. ఒకటి షార్టు. ఎక్కువ ఓల్టేజి వెళ్ళే గీత పక్కనే తక్కువ ఓల్టేజి గీత ఉంటుంది. తెర వెనక లైటుకి వెళ్ళేది పదుల ఓల్టులు, ప్రాసెసరుకి వెళ్ళేది ఒక ఓల్టు అటూ ఇటూ. ఆ రెంటికీ మధ్య తడి వంతెన కట్టిందంటే అయిపోయింది. రెండోది, స్కూల్లో చదువుకున్న ఎలక్ట్రాలసిస్సే. రాగి, తగరం కరిగి ఒకచోట నుంచి ఇంకోచోటకి పాకుతాయి. సాలెపురుగు కాళ్ళంత సన్నటి లోహపు పోగులు మొలుస్తాయి. కరెంటు లేకపోతే ఈ పని చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఉంటే నిమిషాల్లోనే మొదలవుతుంది. అంటే "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ మంటలో పెట్రోలు పోసినట్టే. ఆపేసినా సరే, బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ బోర్డులో కొన్ని చోట్ల కరెంటు ఉంటూనే ఉంటుంది.

మరి బియ్యం? బియ్యం దేన్నీ లాగదు. మూసిన లాప్‌టాప్ లోపల, చిప్పుల కింద ఇరుక్కున్న కాఫీని బయటున్న గింజ ఎలా లాగుతుంది, మీరే చెప్పండి? తడి దానంతటదే కొంత ఆరుతుంది, ఆ పేరు బియ్యానికొస్తుంది. పైగా పిండి, దుమ్ము సందుల్లోకి పోతాయి. ఐఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని 2024 మొదట్లో ఆపిల్ తన సపోర్ట్ పేజీలో రాసింది కూడా. నీరు ఆరినా పాలూ పంచదారా ఆరవు. జిగురులా అంటుకుని, గాల్లో తేమ పట్టుకుని, వారాల తరబడి తింటూనే ఉంటాయి. మనవాళ్ళు ఎంతమంది "బియ్యంలో పెట్టాక బాగైపోయింది" అని మురిసిపోయి, ఆర్నెల్ల తర్వాత "ఎందుకో తెలీదు, సడన్‌గా పోయింది" అంటారో! సడన్‌గా ఏం పోలేదు నాయనా, ఆ రోజు నుంచీ పోతూనే ఉంది.

సరే, నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు మిగతా వాళ్ళ సంగతి.

సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. కంపెనీ పేరు చెప్పను. కౌంటర్లో అబ్బాయి మర్యాదస్తుడే. వెనక మూత తీశాడు, లోపల తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కరు చూపించాడు. "లిక్విడ్ డామేజ్, వారంటీ వర్తించదు. మదర్‌బోర్డు మార్చాలి, సుమారు ఏడు వందల డాలర్లు" అన్నాడు. బోర్డు సంగతి తర్వాత, నా ఫైళ్ళు కావాలన్నాను. అవి బోర్డులోనే ఉన్నాయట. స్టోరేజి చిప్పులు బోర్డుకే సోల్డర్ చేసేశారట. బోర్డు మారిస్తే ఫైళ్ళు పాత బోర్డుతో పాటే పోతాయి. పోనీ నా పాత బోర్డు నాకిచ్చేయమంటే, మార్పిడి చేస్తే పాతది వాళ్ళదేనట! "డేటా బాధ్యత వినియోగదారుడిదే సార్, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది" అన్నాడు. ఉంది. నిజమే. ఏ కంపెనీ వారంటీ కాగితం చూసినా దాదాపు ఇదే వాక్యం.

దండం పెట్టి మూత పెట్టించుకుని వచ్చేశాను. ఒక డేటా రికవరీ ల్యాబుకి ఫోన్ చేస్తే పద్దెనిమిది వందల డాలర్ల దగ్గర మొదలుపెట్టారు. వస్తుందన్న హామీ లేదు.

ఇక్కడ నాకు 2013 గుర్తొచ్చింది. ఎమ్మెస్ చదివే రోజులు. నలుగురం ఒకే అపార్ట్‌మెంటు. ఒక రూమ్మేటు లాప్‌టాప్ మీద ఇంకో రూమ్మేటు గిన్నెడు పప్పుచారు పోశాడు. కాఫీ కాదు, పప్పుచారు! ఉప్పు, చింతపండు, పసుపు సమేతంగా. లాప్‌టాప్ అక్కడికక్కడే కన్నుమూసింది. వాడి థీసిస్ అందులోనే ఉంది. ఏం చేశాం? అడుగున రెండు స్క్రూలు తీశాం. చిన్న పెట్టెలాంటి హార్డ్ డిస్కు చేతిలోకి వచ్చింది. దానికి చారు అంటనే లేదు. పది డాలర్ల యూఎస్‌బీ వైరు తగిలించి నా లాప్‌టాప్‌కి పెడితే గంటలో మొత్తం బయటకొచ్చింది. రాత్రి అదే పప్పుచారు వేసుకుని నవ్వుకుంటూ తిన్నాం.

ఈ రెంటికీ మధ్య పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో కంప్యూటర్లు ఎన్ని రెట్లు వేగం పెరిగాయో మనందరికీ తెలుసు. ఒలికిపోయిన గ్లాసు దగ్గర మాత్రం వెనక్కి వెళ్ళాం. 2013లో రెండు స్క్రూల పని, 2024లో పద్దెనిమిది వందల డాలర్ల జూదం అయింది. పోసిన మనిషి చేయి అదే, కాఫీ అదే. మారింది డిజైను. అందుకే అంటున్నాను, ఈ తప్పు మా అమ్మది కాదు.

కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ళున్నారు. నా టీములోనే ఉన్నారు. వాళ్ళ వాదనలు మూడు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, పలచదనం. ఊడదీసే డ్రైవు పెడితే లాప్‌టాప్ లావవుతుందట. ఎమ్.2 అనే ఎస్‌ఎస్‌డీ పుల్లని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు మామూలు సైజులో 80, చిన్న సైజులో 30. చూయింగ్ గమ్ ముక్కంత. ఒక్క స్క్రూ. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్ పదహారు మిల్లీమీటర్ల లోపు మందంలోనే డ్రైవు, ర్యామ్, బ్యాటరీ అన్నీ ఇంట్లో కూర్చుని మార్చుకునేట్టు చేసి చూపించింది. చేయలేక కాదు, చేయదలుచుకోక.

రెండోది, వేగం. ఆ పుల్లలు వాడే ఎన్‌వీఎమ్ఈ పద్ధతి మనబోటివాళ్ళు ఈమెయిళ్ళు, ఎక్సెల్ షీట్లు, కోడు చూసుకోవడానికి ఎంత కావాలో అంతకు పదిరెట్లు వేగంగా ఉంటుంది. పాట తెరుచుకోవడానికి పట్టే సమయంలో తేడా మా అమ్మకి తెలీదు, నాకూ తెలీదు.

మూడోది కాస్త బరువైనది, భద్రత. లాప్‌టాప్ దొంగలు ఎత్తుకెళ్తే చిప్పులు పీకి చదవకుండా, తాళంచెవిని బోర్డు మీదే ఇంకో చిప్పులో దాచి మొత్తం ఎన్‌క్రిప్ట్ చేస్తారు. మంచిదే. నేను క్లయింట్లకి ఇదే చెప్తాను. కానీ దొంగ నుంచి దాచడం వేరు, యజమాని నుంచి దాచడం వేరు. విండోస్‌లో బిట్‌లాకర్ చూడండి. డ్రైవు పీకి వేరే మెషీనుకి పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ యజమాని దగ్గర ఉంటే తెరుచుకుంటుంది, దొంగ దగ్గర ఉండదు కాబట్టి తెరుచుకోదు. అంటే తాళం గట్టిగా ఉంచుతూనే, ఒక చెవి యజమాని చేతికివ్వడం సాధ్యమే. ఇల్లు కట్టినవాడు "భద్రత కోసం" తాళంచెవిని గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేస్తే ఊరుకుంటామా?

ఇదంతా సాధ్యమని వాళ్ళకి తెలుసనడానికి ఒక ఉదాహరణ (నా లాప్‌టాప్ ఈ కంపెనీదని కాదు, ఉదాహరణ మాత్రమే). 2016, 2017 టచ్ బార్ మాక్‌బుక్ ప్రోల్లో స్టోరేజి బోర్డుకే అతికించి ఉన్నా, బోర్డు చచ్చిపోతే డేటా లాగడానికి దాని మీదే ప్రత్యేకంగా ఒక కనెక్టర్ ఉండేది. 2018 మోడల్లో, టీ2 చిప్పుతో పాటు, ఆ కనెక్టర్ కనపడకుండా పోయింది. దారి ఉండేది, మూసేశారు.

చట్టాల సంగతంటారా? 2021 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కాంగ్రెస్‌కి ఒక నివేదిక ఇచ్చింది. రిపేరుకి అడ్డుపడటానికి తయారీదార్లు చెప్పే కారణాల్లో చాలావాటికి ఆధారాలు అంతంత మాత్రమేనని తేల్చింది. మేముండే కాలిఫోర్నియాలో రైట్ టు రిపేర్ చట్టం 2024 జూలై 1న అమల్లోకొచ్చింది. 100 డాలర్లు, అంతకు పైబడిన వస్తువులకి ఏడేళ్ళు విడిభాగాలు, పనిముట్లు, సర్వీసు సమాచారం ఇవ్వాలంటుంది. ఇండియాలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. ఇవన్నీ మంచివే, నేను స్వాగతిస్తాను. కానీ వీటన్నిటి చూపూ వస్తువు మీదే. వస్తువు బాగైతే న్యాయం జరిగినట్టే లెక్క. నా బోర్డు మారిస్తే చట్టం దృష్టిలో నా లాప్‌టాప్ బాగైపోయినట్టే! లోపలున్న మనిషి గొంతు పోయినా సరే. లాప్‌టాప్ ఖరీదు కాగితం మీద ఉంటుంది, పోతే ఇంకోటి కొనుక్కుంటాం. చిన్నమ్మమ్మ గొంతు ఏ కాస్ట్కోలో దొరుకుతుంది?

కాబట్టి నా డిమాండు చిన్నది, ఒకే ఒక్కటి. బోర్డు చచ్చినా యజమాని తన ఫైళ్ళు తను తీసుకునే దారి ప్రతి కంప్యూటర్లోనూ ఉండి తీరాలి. ఊడే డ్రైవు పెడతారో, కనెక్టర్ పెడతారో, కీ చేతికిస్తారో వాళ్ళిష్టం. దారి మాత్రం ఉండాలి.

"ఇంత గోల ఎందుకు, క్లౌడ్‌లో పెట్టుకోవచ్చుగా?" అని ఈపాటికి మీలో సగం మంది అనుకుని ఉంటారు. మా బావగారు అన్నారు కూడా. పెట్టుకోవాలి. పెట్టుకోకపోవడం నా తప్పు. కానీ రెండు మాటలు. ఒకటి, మనం క్లౌడ్ అనుకునేదాంట్లో చాలామటుకు సింక్ మాత్రమే. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరుగుతుంది. అది అద్దం లాంటిది, బ్యాకప్ కాదు. రెండు, నెలనెలా అద్దె కట్టగలిగినవాడికి క్లౌడ్ ఉంది కాబట్టి తలుపు మూసేసినా పర్లేదనడం న్యాయం కాదు. ఊళ్ళో పెళ్ళి వీడియోలు, పిల్లల ఫొటోలు ఒక్క లాప్‌టాప్‌లో దాచుకునే మాస్టారుకి ఆ తలుపే దిక్కు.

ఇప్పుడు నా వంతు. నేను చేసే ఉద్యోగం ఏంటో తెలుసా? డిజాస్టర్ రికవరీ. నవ్వండి, పర్లేదు :-) ఒక ఇన్సూరెన్సు క్లయింటుకి ఆర్‌పీఓ పదిహేను నిమిషాలు ఉండాలని, అంటే ఎంత ఘోరం జరిగినా పదిహేను నిమిషాల పనికి మించి పోకూడదని, వారం రోజులు మీటింగుల్లో వాదించి గెలిచినవాణ్ణి. మా ఇంటి ఆర్‌పీఓ ఎంత? ఐదున్నరేళ్ళు. 2018 డిసెంబర్ నుంచి 2024 జూన్ దాకా. ఎవరి కారు ప్రమాదం తాలూకు క్లెయిమ్ కాగితమో మూడు ఊళ్ళలో మూడు డేటా సెంటర్లలో భద్రంగా ఉంది. మా ఇంటి పాట డైనింగ్ టేబుల్ మీద కాఫీ గ్లాసు పక్కన ఉంది. మనలో ఎంతమంది పరిస్థితి ఇదే కాదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఊరివాళ్ళ పొలాలన్నిటికీ కంచె వేసే కూలికి వెళ్ళి, మన పెరడుకి గేటు పెట్టుకోని రకం మనం.

ఇంతకీ పాటలు ఏమయ్యాయి?

సెప్టెంబర్లో అమ్మ తిరుగు ప్రయాణం. బ్యాటరీ తీసేసి, మదర్‌బోర్డు ఒక్కటీ యాంటీ స్టాటిక్ కవర్లో చుట్టి అమ్మ హ్యాండ్ బ్యాగులో పెట్టాను. నాన్నగారు, అమ్మ కలిసి దాన్ని సికింద్రాబాదు పార్క్ లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటరుకి, పట్టుకెళ్ళారు. అక్కడ చిప్ లెవెల్ సర్వీసు చేసే ఒక చిన్న షాపు. పాతికేళ్ళ కుర్రాడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, "అమ్మా, దీన్ని మళ్ళీ వాడుకునేట్టు చెయ్యలేను. కొంచెంసేపు లేపగల్గుతా. ఫైల్స్ రాకుంటే పైసలు వద్దు" అన్నాట్ట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాడు, అల్ట్రాసోనిక్ తొట్టిలో ముంచాడు, కాలిపోయిన రెండు ముక్కలు వేరే పాత బోర్డు నుంచి తీసి అతికించాడు. నాలుగు రోజుల తర్వాత కబురు.

ఇక్కడ నాకు రాత్రి పన్నెండు దాటింది. వాట్సాప్ వీడియోలో అమ్మ, నాన్నగారు, ఆ కుర్రాడు. బోర్డు టేబుల్ మీద నగ్నంగా, ఒక పాత మానిటరు తగిలించి. "సార్, పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాడు. సెక్యూరిటీ మీద లెక్చర్లిచ్చే నేను, షాపులో నలుగురి ముందూ స్పీకర్లో చెప్పాను. అమ్మ పేరు, వెనకాల మా ఊరి పిన్‌కోడు. అమ్మ కెమెరా వైపు అదోలా చూసింది.

"సార్, ఎంతసేపు నిలబడ్తదో చెప్పలేను. ముందు ఏది కావాలో చెప్పండి" అన్నాడు.

ఆ ప్రశ్న ఎవరికీ రాకూడదు. ఒక పక్క పాటల ఫోల్డరు, మూడు వందల ఎంబీ. ఇంకో పక్క మా పాప పుట్టినప్పట్నుంచీ కెమెరాతో తీసిన వీడియోలు, నూట తొంభై జీబీ. నేను నోరు తెరిచేలోగా అమ్మ "పాప వీడియోలు ముందు తియ్యి బాబూ" అంది. నేను "కాదు, పాటలు" అన్నాను. అవి నిమిషం లోపే వచ్చేశాయి. తర్వాత వీడియోలు మొదలుపెట్టాడు. పదకొండు నిమిషాలు నిలబడింది బోర్డు. మూడో వంతు వచ్చాక ఆగిపోయింది. ఆ కుర్రాడు ఇంకో రెండు రోజులు కుస్తీ పట్టాడు గానీ, మళ్ళీ లేవలేదు. ఆరున్నర వేల రూపాయలు తీసుకున్నాడు. పద్దెనిమిది వందల డాలర్లలో అది ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి. పాప మొదటి అడుగులు మా ఆవిడ ఫోన్లో ఉన్నాయి. మొదటి అన్నప్రాసన కెమెరాలో తీశాం, అది పోయింది.

అమ్మ ఇప్పటికీ ఆ అన్నప్రాసన తన వల్లే పోయిందనుకుంటోంది. ఎంత చెప్పినా వినదు.

సరే, తిట్టడం అయింది. పనికొచ్చేవి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను.

ఒలికిన వెంటనే ఛార్జర్ పీకండి, పవర్ బటన్ నొక్కిపట్టి పది సెకన్లలో ఆపేయండి. సేవ్ చేయని ఫైలు పోతే పోనివ్వండి. తలకిందులుగా, డేరాలాగా నిలబెట్టండి. తెరవడం వచ్చినవాళ్ళుంటే బ్యాటరీ కనెక్టర్ విప్పేయండి. హెయిర్ డ్రయ్యరూ వద్దు, బియ్యమూ వద్దు, "ఒక్కసారి చూద్దాం" అసలు వద్దు. డ్రైవు ఊడేదైతే ఊడదీసి, తడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే మెషీనులో చదవండి. డ్రైవు మొరాయిస్తుంటే ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటిదాంతో మొత్తం ఒక ఇమేజి తీసుకుని, వెతుకులాట ఆ కాపీ మీద చేయండి. ఊడనిదైతే కడిగే మనిషి చేతికి వెంటనే ఇవ్వండి. ఒకవేళ అదృష్టం బాగుండి పనిచేస్తుంటే, సంబరపడేముందు ఫైళ్ళు బయటకి తీయండి.

ఒలకక ముందు చేయాల్సింది ఇంకా తేలిక. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. మనకి ఆ "ఇంటి బయట" అనేది దేవుడిచ్చిన వరం. ఇండియాలో అమ్మావాళ్ళింట్లో బీరువాలో ఒక హార్డ్ డిస్కు పెట్టండి. వెళ్ళినప్పుడల్లా మార్చండి. బిట్‌లాకర్ కీ మీ అకౌంటులో ఉందో లేదో ఈ రాత్రే చూసుకుని, కాగితం మీద రాసుకోండి.

ఇహ కొత్త లాప్‌టాప్ కొనేటప్పుడు మనవాళ్ళు ర్యామ్ ఎంత, ప్రాసెసరు ఏది, థాంక్స్ గివింగ్‌కి ఎంత తగ్గుతుంది అని పన్నెండు ప్రశ్నలడుగుతారు. పదమూడోది కూడా అడగండి: "దీని డ్రైవు ఊడుతుందా?" ఊడదంటే, ఎంత అందంగా ఉన్నా కింద పెట్టి వచ్చేయండి. చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్న ఓటు అదే. నేను మొన్న కొన్నది కాస్త లావుగానే ఉంది. అడుగున స్క్రూలున్నాయి.

అమ్మ మళ్ళీ వచ్చింది. ఇప్పుడు కాఫీ వంటింట్లో నిలబడే తాగుతుంది. లాప్‌టాప్ ఉన్న గదిలోకి గ్లాసు పట్టుకుని రాదు. పాటలు మూడు చోట్ల ఉన్నాయమ్మా, ఈ టేబుల్ మీదే కూర్చుని కాఫీ తాగుతూ విను, మళ్ళీ ఒలికినా ఫర్వాలేదు అన్నాను. "వద్దులేరా, తాగేసి వింటాను" అంది.

ఆవిడ చేత ఆ మాట అనిపించిన వాళ్ళ మీదే నా కోపమంతా. వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంత రాశాను.